కేకకి పలికేవాడు

రా అమ్మాయ్, రా. చెప్పులు ఎండలో వదలమాక, మళ్లా ఏసుకునేటప్పుడు అరికాళ్లు కాలతయ్. ఇట్టా నీడలోకి నెట్టు. ఏమే కనకలక్ష్మీ, మన ఆదినారాయణ కూతురొచ్చింది, హేమశ్రీ, టీ పెట్టు. పంచదార ఎయ్యొద్దని డాక్టర్ చెప్పింది నాకే గానీ ఈ అమ్మాయికి కాదుగా, దీని గ్లాసులో బాగా ఎయ్, నేను రెండు గుక్కలు అందులోంచి తాగుతా. నవ్వుతావేందే? డెబ్భై మూడేళ్లొచ్చినాక దొంగతనంగా తాగేది టీయే. సరే గానీ, ఆ చేతిలో ఫోన్ ఎవరిది? మీ నాయనదేగా. పగిలిన మూలకి ప్లాస్టరేసింది నేనే, నాకు తెలవదా. మరి ఆ కాయితాలేంది? ఇట్టా తే. కళ్లజోడు యాడ పెట్టానో... నెత్తి మీదే ఉందా? సరే. ఊ... ఊ... అంటే ఇకమీదట నువ్వు సంతకం పెడితేనే మీ నాయన డబ్బు బ్యాంకులోంచి కదులుద్ది. ఏటీఎం కార్డు నీ దగ్గర, ఫోన్ నీ దగ్గర. ఆయనేమో సంతకం పెట్టనంటన్నాడు. పెదనాయన చెప్తే వింటాడు, ఒకసారి చెప్పి పెట్టించమందామని వచ్చావ్. అంతేగా? వింటాడు. నేను చెప్తే తప్పకుండా వింటాడు. అందుకే చెప్పను.

కోపం తెచ్చుకోబాక, కూర్చో. జరిగింది నాకు తెలుసు. పోయిన గురువారం ఎవడో వీడియోలో పోలీసు టోపీ పెట్టుకుని కనపడ్డాడు, నీ ఆధార్ మీద బొంబాయిలో కేసుంది, నిన్ను ఫోన్‌లోనే అరెస్టు చేశాం, గదిలోంచి కదలగూడదు, ఎవరికీ చెప్పగూడదు, డబ్బంతా మా ఖాతాలో ఏస్తే తనిఖీ చేసి తిరిగిస్తాం అన్నాడు. ఎనభై వేలు పోయినయ్. మిగతా ఆరు లక్షలు, తన లారీ అమ్మిన డబ్బు, ఫిక్సిడ్ తీసి పంపబోతే బ్యాంకులో ఆ అమ్మాయెవరో ఏంది తాతా చెమటలు పడతన్నయ్ అని ఆపింది. ఆ పిల్ల చల్లగా ఉండాల. నువ్వు 1930కి, ఆ సైబర్ పోలీసోళ్ల నంబరుకి, ఫోన్ చేశావ్, కంప్లైంట్ పెట్టావ్, అదంతా బాగానే చేశావ్. చదువుకున్నదానివి, నరసరావుపేటలో ఆఫీసులో పనిచేసేదానివి, ఎట్టా చెయ్యాలో నీకు తెలుసు. నేనంటంది ఆ తర్వాత సంగతి. తర్వాత ఏం చేశావ్? ఇంటికొచ్చి, వాకిట్లో నిలబడి, పక్కింటోళ్లు వినంగా, "బుద్ధుందా నాయనా నీకు" అన్నావ్. ఫోన్ లాక్కున్నావ్. ఈ గోడ ఎంత ఎత్తుందని, అవతల ముక్కు చీదినా ఇవతల వినపడుద్ది. ఆ రోజు నుంచి, ఐదు రోజులు, మీ నాయన మాట్టాడలా. అన్నం పెడితే తింటన్నాడు, పెట్టకపోతే అడగట్లా. ఔనా?

ఇదిగో మళ్లా మోగతంది ఆ ఫోను. నువ్వొచ్చినాక ఇది రెండోసారి. లోను కావాలా అని ఒకడు, లాటరీ తగిలిందని ఒకడు. మోగనియ్. నేను మా నాయన సంగతి చెప్తా, విని ఆ తర్వాత ఆ కాయితాలు ఏం చేస్తావో నీ ఇష్టం. పుల్లయ్య అంటే ఈ గురజాల్లో పాతకాలపోళ్లకి అందరికీ తెలుసు. నువ్వు చూసుండవులే, చూసినా గుర్తుండదు, ఆయన పోయి ఇరవై రెండేళ్లు. కుడిచెవి వినపడదు, ఎడంచేతికి రెండు వేళ్లు లేవు. దాచేపల్లి రోడ్డులో సున్నపురాయి క్వారీలో ముప్పై నాలుగేళ్లు తూటాలు పేల్చాడు. రాతిలో బెజ్జం కొట్టడం, తూటా దించడం, ఒత్తి పెట్టడం, ముట్టించి పరిగెత్తడం, అదీ ఆయన పని. ఆయన చేతికింద ఒక్క మడిసి చావలా. ఒక్కడంటే ఒక్కడు. ఆ వేళ్లు కూడా కాంట్రాక్టరు తెచ్చిన నాసి ఒత్తి మూలాన పోయినయ్ గానీ ఆయన తప్పు కాదు. అది ఊళ్లో ఎవరన్నా తప్పుగా చెప్తే మా అమ్మ బసవమ్మ చీపురు తీసేది.

ఆ క్వారీలో ఒక పద్ధతుండేది. ఒత్తి ముట్టించే ముందు మా నాయన నోటికి చేతులు అడ్డంపెట్టి "కాలుస్తన్నానోయ్!" అని కేకేసేవాడు. అవతల రోడ్డు మీద ఎర్రగుడ్డ పట్టుకుని ఒకడుంటాడు. వాడు అటు చూసి, ఇటు చూసి, బస్సొస్తందా, గొర్రెలోళ్లున్నారా, గడ్డి కోసుకునే ఆడోళ్లున్నారా అని చూసుకుని, ఎవరూ లేకపోతే "కాల్చవోయ్!" అంటాడు. ఎవరన్నా ఉంటే "ఆగవోయ్!" అంటాడు. ఏదో ఒకటి పలకాల. పలుకు రాకపోతే అగ్గిపుల్ల బయటికి తియ్యడు మా నాయన. సాయంత్రమైనా సరే, వానొచ్చినా సరే. ఒకసారి ఏమైందంటే, ఎర్రగుడ్డవాడు టీకి పోయాడు, కాంట్రాక్టరేమో కారేసుకొచ్చి, "ఏంది పుల్లయ్యా, పెళ్లికూతురు లాగా కూర్చున్నావ్, లారీలు ఖాళీగా ఉన్నయ్, ఎవరూ లేరు నేను చూశాగా, కాల్చెయ్, తొందరగా" అని ఒకటే గోల. మా నాయన అగ్గిపెట్టె తొడకింద పెట్టుకుని దానిమీద కూర్చున్నాడు. కూర్చుని చుట్ట అడిగాడంట కాంట్రాక్టర్నే. ఆ చుట్ట అయిపోయేలోపల రాయి కింద నుంచి గడ్డిమోపు నెత్తినపెట్టుకుని ఒక ముసలామె ఎక్కొచ్చింది. అప్పుడు మా నాయన అన్నాడంట, "అయ్యా, తొందరపెట్టేవాడి మాట మీద ఒత్తి ముట్టించగూడదు" అని. కాంట్రాక్టరు కారెక్కి పోయాడంట. మాకు చిన్నప్పుడు ఈ కథ చెప్తే బువ్వ తినేవాళ్లం. మా తమ్ముడైతే ఆ ముసలామె లాగా నడిచి చూపించేవాడు, వాడు ఇప్పుడు మాచర్లలో ఉన్నాడులే, మోకాళ్ల నొప్పులు, ఇప్పుడు నిజంగానే అట్టా నడుస్తాడు.

అంత జాగ్రత్త మనిషి, విను మరి. పని మానేసినాక, తొంభై ఏడులో అనుకుంటా, లెక్కలన్నీ పోను ఆయన చేతికి నలభై వేలొచ్చినయ్. ఆ రోజుల్లో నలభై వేలంటే! ఒకడు స్కూటరేసుకొచ్చాడు. తెల్లచొక్కా, జేబులో మూడు పెన్నులు, నుదుటిన బొట్టు. నరసరావుపేటలో శుభమంగళ ఫైనాన్స్ అంట, మూడేళ్లకి రెట్టింపంట. "నాన్నగారూ" అని పిలిచాడంట మా నాయన్ని. మేం జన్మలో పిలవలా అట్టా. "నాన్నగారూ, ఈ స్కీము అందరికీ ఇయ్యం, మీలాంటి కష్టజీవులకే. మీ అబ్బాయికి ఇప్పుడే చెప్పమాకండి, మూడేళ్ల తర్వాత లక్షణంగా ఎనభై వేలు తెచ్చి చేతిలో పెట్టండి, నోరెళ్లబెడతాడు." మా నాయనకి ఆశ డబ్బు మీద కాదే. నా నోరెళ్లబెట్టిద్దామని. నేనప్పుడు నాపరాళ్ల వ్యాపారం పెట్టి అప్పుల్లో ఉన్నా, ఆ అప్పు తీర్చాలని ఆయన ఆశ. ఇచ్చేశాడు. ఎనిమిది నెలలకి ఆ ఆఫీసుకి తాళం. పేటలో ఆ మేడకింద రెండొందల మంది ఏడుస్తా నిలబడ్డారు, అందులో మా నాయన ఒకడు.

నేనేం చేశానంటావా? నువ్వు చేసిందే. ఇంకా ఎక్కువ చేశా. బజారు మధ్యలో నిలబెట్టి అరిచా. "ముసలోడివయ్యావ్, ఇంక నీకు మెదడు పనిచెయ్యట్లేదు" అన్నా. ఆ మాట నా నోటితోనే అన్నా. ఆయన ట్రంకుపెట్టె తాళంచెవి లాక్కున్నా. పాసుబుక్కు లాక్కున్నా. అంతటితో ఊరుకున్నానా, కిరాణాకొట్టుకి పోయి, చుట్టల కొట్టుకి పోయి, మా నాయనకి అరువియ్యబాకండి, ఏదన్నా ఉంటే నన్నడగండి అని చాటించొచ్చా. కాపాడతన్నా అనుకున్నా నేను. గుండెలు తీసిన మొనగాడిలాగా మొలలో ఆ తాళంచెవి దోపుకుని తిరిగా. మా అమ్మ ఒకటే మాటంది, "ఒరే కోటేశ్వరా, చుట్టకి కూడా నిన్ను అడుక్కోవాలంట్రా మీ నాయన?" నేను, "నువ్వూరుకోయే, నీకు తెలవదు" అన్నా. ఆ తర్వాత ఏడాది ఇంట్లో గొడవ లేదు. ప్రశాంతం. నేనేమో చూశావా, నా దెబ్బకి దారిలో పడ్డాడు అనుకున్నా. మనిషి నోరు మూసుకుంటే దారిలో పడ్డట్టనుకునే రకం నేను.

ఒకరోజు బజార్లో పాత వెండి కొనే అబ్దుల్ జబ్బార్, పెద్దమనిషి, నమాజుకి పోతా పోతా నన్ను పక్కకి పిలిచాడు. "కోటేశ్వర్ భాయ్, ఏమనుకోమాక. నీకు డబ్బుకి ఇబ్బందైతే నన్నడగొచ్చుగా, పెద్దాయన చేత అట్టాంటి పని చేయిస్తావా?" అన్నాడు. ఏం పని భాయ్ అన్నా. గుడ్డలో చుట్టింది తీసి చూపించాడు. వెండి మొలతాడు. మా నాయనది. వాళ్ల నాయన చేయించింది, ముడి దగ్గర అరిగిపోయి ఉంటది, నేను చిన్నప్పుడు ఆయన మీద పడుకుని దాన్నే తిప్పుకుంటా నిద్రపోయేవాణ్ణి. అమ్మాయ్, మగాడు బతికుండగా మొలతాడు తీస్తాడా? పీనిగకి తీస్తారు. మా నాయన దాన్ని తీసి అమ్మి, నల్లదారం కట్టుకుని, మాకు తెలవకుండా పంచె గట్టిగా బిగించుకుని నెలరోజులు తిరిగాడు.

ఎందుకమ్మాడో తెలుసా? రెండోవాడు వచ్చాడు. మోసపోయినోళ్ల పేర్లు ఆళ్ల దగ్గర ఉంటయ్ మరి, ఇప్పుడు మీ నాయన నంబరు ఎంతమంది దగ్గరుందో. ఈ రెండోవాడు, "తాతా, ఆ ఫైనాన్సోడి ఆస్తులు జప్తు చేశారు, కోర్టు ఖర్చులకి రెండు వేల మూడొందలు కడితే నీ నలభై వేలు నీకిప్పిస్తా, ఇంట్లో చెప్తే పేరు బయటికొచ్చి లిస్టులోంచి పోద్ది" అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. తాళంచెవి నా దగ్గరే ఉంది, పాసుబుక్కు నా దగ్గరే ఉంది. ఏం ఆపింది నా తాళం? పెట్టెకేశా తాళం. మొలకెయ్యలేదుగా.

ఇంటికి పోయా. అరుద్దామనే పోయా, నిజం చెప్తన్నా, దారంతా తిట్లు కూర్చుకుంటా పోయా. ఆయన వసారాలో కూర్చుని రేడియో తిప్పుకుంటన్నాడు. జబ్బార్ దగ్గర విడిపించుకొచ్చిన మొలతాడు తీసి ఆయన ముందు పెట్టా. దాన్ని చూసి రేడియో కట్టేశాడు. తర్వాత అన్నాడు. "ఒరే, ముప్పై నాలుగేళ్లు క్వారీలో కేకేశా. ఒక్కరోజు పలుకు రాకుండా లేదు. ఆగమంటే ఆగా, కాల్చమంటే కాల్చా. ఈ రెండో మనిషొచ్చినప్పుడు కూడా నాకనుమానమొచ్చిందిరా, తొందరపెడతన్నాడే అని. నిన్ను పిలుద్దామని వాకిట్లోకి వచ్చా. నువ్వు రాళ్ల లెక్క చూసుకుంటన్నావ్. పిలిస్తే తిడతావని భయమేసింది. లోపలికి పోయా" అన్నాడు. ఇంకా ఏమన్నాడంటే, "నాకు కేకకి పలికేవాడు కావాల్రా. తాళమేసేవాడు కాదు." తూటాలకి భయపడనోడు, రెండు వేళ్లు ఎగిరిపోతే గుడ్డ చుట్టుకుని నడిచి ఆసుపత్రికి పోయినోడు, నాకు భయపడ్డాడంట. నాకు! నేను ఏడ్చానే అమ్మాయ్. నలభై ఆరేళ్లోణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, ఆయన కాళ్లకాడ కూర్చుని ఏడ్చా. తాళంచెవి ఇచ్చేశా. మొలతాడు నా చేత్తోనే కట్టా.

ఏమే, టీ ఏదే? ఆ, తే. ఇట్టా పెట్టు. తాగమ్మా, కళ్లు తర్వాత తుడుచుకోవచ్చు, చల్లారుద్ది. నవ్వే ముక్క చెప్తా విను. ఆ రోజు నుంచి మా ఇంట్లో క్వారీ పద్ధతి పెట్టాం. డబ్బు ఆయనదే, పెట్టె ఆయనదే, తాళం ఆయనదే. కొత్తవాడెవడన్నా వచ్చి డబ్బు మాట ఎత్తితే మాత్రం, ఎంత పెద్దోడైనా సరే, ఒక కేక. నేనెక్కడున్నా, లెక్క చూస్తన్నా, అన్నం తింటన్నా, వదిలేసి పలకాల. విసుక్కోగూడదు. "మళ్లీ ఏంది" అనగూడదు. అదీ ఒప్పందం. ఒక ఏడాది పోయినాక మూడోవాడు తగలడ్డాడు. మీ చేలో టవరేస్తాం, నెలకి ఐదువేలు బాడుగ, ముందు రిజిస్ట్రేషనుకి మూడు వేలు కట్టాలని. మా నాయన వాణ్ణి మంచంమీద కూర్చోబెట్టాడు. మజ్జిగిచ్చాడు. "మా అబ్బాయికి చెప్పొద్దా?" అన్నాడంట. "అబ్బే, ఎందుకండీ, ఇయ్యాల్టితో ఆఖరు" అన్నాడంట వాడు. అంతే! లేచి వసారాలో నిలబడి, నోటికి చేతులడ్డం పెట్టి, "కాలుస్తన్నానోయ్!" అన్నాడు. ఆ గొంతు! మూడు నాలుగేళ్లకి మళ్లా విన్నారు ఊళ్లోవాళ్లు. నేను రాళ్ల కొట్టం నుంచి "ఆగవోయ్!" అన్నా. ఎదురింట్లోంచి "ఆగవోయ్!" ఇంకా విచిత్రమేందంటే పై బజార్లోంచి కూడా ఒకటొచ్చింది, "ఆగవోయ్!" అని. ఏదో పేలుద్దనుకుని వాడు గోడదూకాడే! ఒక చెప్పు మా వాకిట్లో వదిలిపోయాడు. ఆ చెప్పుని మా అమ్మ చానాకాలం దూలానికి కట్టించింది, దిష్టికి. మా నాయన పోయేదాకా మళ్లా ఒక్క రూపాయి పోలా. ఒక్క రూపాయి.

పై బజార్లోంచి పలికిందెవరో అడగవేం? మీ నాయన. ఆదినారాయణ. లారీ ఎక్కకముందు నాలుగేళ్లు మా నాయన దగ్గర ఎర్రగుడ్డ పట్టింది వాడే. ఇరవై ఏళ్లోడు, ఇంత పుల్లలాగా ఉండేవాడు, గొంతు మాత్రం గంట. మా నాయన చెప్పేవాడు, "నా ప్రాణం నా చేతిలో లేదురా, ఆ ఆదినారాయణగాడి నోట్లో ఉంది" అని. టీకి పోయినోడు వాడు కాదులే, వాడికి ముందటోడు. వాడు చానా ఏళ్లకి మానేసినాకే మీ నాయన్ని పెట్టారు. నీకు చెప్పలేదా ఎప్పుడూ? చెప్పడు. గొప్పలు చెప్పుకోవడం రాదు వాడికి.

ఇప్పుడొక మాట చెప్తా. చెప్పాలా వద్దా అని నిన్నట్నుంచి ఆలోచిస్తన్నా. నిన్న పొద్దున నేను గోడకాడ నిలబడి పలకరిస్తే, నాతో మాత్రం నాలుగు మాటలు మాట్టాడాడు. గురువారం ఆ పోలీసు ఫోనొచ్చినప్పుడు, మొట్టమొదట, ఇంకా డబ్బు పంపకముందు, బాత్రూంకి పోతానని చెప్పి నీకు ఫోన్ చేశాడంట. చేశాడా లేదా? చేశాడు. నువ్వెత్తావ్. ఎత్తి ఏమన్నావో గుర్తుందా? "మళ్లీ ఏం నొక్కావ్ నాయనా?" అన్నావంట. ఆఫీసులో పనిమీదున్నావ్, నాకు తెలుసు, నెలకిందట ఏదో నొక్కి రీచార్జి రెండుసార్లు చేశాడు, ఆ విసుగులో ఉన్నావ్. తప్పనట్లేదే. నేనూ ఆ బాపతేనని చెప్పాగా ఇంతసేపూ. వాడేమన్నాడు నీతో? "ఏం లేదమ్మా, అన్నం తిన్నావా అని" అన్నాడు. పెట్టేశాడు. పెట్టేసి, పోయి ఎనభై వేలు పంపాడు.

ఏడువు. ఏడిస్తే తప్పులేదు. కనకలక్ష్మీ, నువ్వు లోపలికి పో. చూడమ్మాయ్, డబ్బుకి కాపలా పెట్టు, వద్దన్లా. బ్యాంకులో ఒక రోజుకి ఇంతకంటే పోకుండా కట్టడి పెట్టొచ్చంటగా, పెట్టించు, మీ నాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని పెట్టించు. ఆ ఫోన్లో దొంగ నంబర్లు ఆపే సౌకర్యం ఏదో ఉందంట, అదీ పెట్టు. ఈ కాయితం మాత్రం నా దగ్గర వదిలేసిపో. మొలతాడు తీసే కాయితం ఇది. ఫోన్ తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టు. ఉపన్యాసం చెప్పమాక. సారీ గీరీ కూడా వద్దు, మీ తరం ప్రతిదానికీ సారీ అంటారు. ఒకటే మాట చెప్పు, "నాయనా, ఎర్రగుడ్డ నా దగ్గరుంది" అను. అర్థమైద్దా అని నువ్వు అనుమానపడమాక. వాడికి అర్థమైద్ది. పో. గ్లాసు ఈడ పెట్టిపో, అందులో ఇంకా రెండు గుక్కలున్నయ్.

ఇచ్చొచ్చావా? నీ మొహంలోకి చూశాడా? చూశాడంటే చాల్లే. కూర్చో. నీకు ఎండుమిరపకాయలు కావాలంటే చెప్పు, ఈ ఏడు కాయ మంచి రంగొచ్చింది, మా బావమరిది క్రోసూరు నుంచి బస్తా పంపాడు. మీ ఇంట్లో పచ్చడికి రెండు కేజీలు పట్టుకుపో. తూకం ఎందుకే, నువ్వు డబ్బిస్తే నేను తీసుకుంటానా... ష్, ఆగు. ఆ ఫోన్ మోగతంది, విన్నావా, గోడ అవతల. ఎత్తాడు. ఆఁ, ఎవరండీ, అంటన్నాడు. ఏ బ్యాంకు, అంటన్నాడు. నువ్వు లేవమాక. లేవమాకన్నానా! పరిగెత్తుకుపోయి లాక్కుంటే మళ్లా మొదటికే. కూర్చో. చూద్దాం.

విన్నావా! ఆ గొంతు విన్నావా! ఏం తగ్గిందే, అదే గంట. నా వంక చూస్తావేంది, నన్ను కాదే. నిన్ను. నిన్నే పిలుస్తన్నాడు మీ నాయన. పలుకు.